డిస్కమ్మ మూగనోము

ముందు గది, టీవీ ఎదురుగా
మంగళవారం

మరదలు పిల్లకి,

క్షేమ సమాచారాలు చివర్న రాస్తాను. ముందు ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడదు. అటక మీద నీ కంప్యూటర్ స్పీకర్లు దొరికాయి! రెండు చిన్న డబ్బాలు, వాటికి తల్లిలాంటి పెద్ద డబ్బా ఒకటి. కొండమీద వాతావరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చిందని కంప్యూటర్ అమ్మేసి వెళ్ళావు గానీ వీటిని మాత్రం పాత దుప్పట్లో చుట్టి దాచుకున్నావు. నేను వాడుకుంటున్నాను. అడిగితే ఎలాగూ కాదనవు, అందుకని అడగడం లేదు.

నా సాయంత్రం క్లాసు గురించి పోయిన ఉత్తరంలో రెండు ముక్కలే రాశాను. అప్పటికది క్లాసు కాదు. నడుం నొప్పికని ఒక వ్యాయామం డిస్కు కొనుక్కుని టీవీ ముందు ఒక్కదాన్నే చేతులూపుకునేదాన్ని. ఎదురు మేడ కిటికీలోంచి చూసి బేకరీ ఆవిడ మనింటికొచ్చింది. ఆవిడ వెనకాల బ్యాంకు ఆవిడ, ఆవిడ వెనకాల వాళ్ళ తోడికోడళ్ళు. ఇప్పుడు ముందు గదిలో అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. సోఫా వరండాలోకి పోయింది, సోఫాతో పాటు మీ అన్నయ్య కూడా.

అందరూ ఒక్కసారి గెంతితే డిస్కులో అమ్మాయి చెప్పేది ఎవరికీ వినపడదు. ఆ అమ్మాయికి మేం డిస్కమ్మ అని పేరు పెట్టాం. మన టీవీ గొంతు దోమ గొంతు. ఇక నా గొంతు సంగతి నీకు తెలియంది కాదు. లైబ్రరీలో ఇన్నేళ్ళుగా జనానికి 'ష్' అని సైగ చెయ్యడమే నా ఉద్యోగం. కూరగాయల బండిని నేను పిలిస్తే అది మలుపు తిరిగిపోయాక పక్కింటావిడ జాలిపడి మళ్ళీ పిలుస్తుంది.

అసలు సంగతి ఇది. కింది వాటాలో ఇంటాయన టీ కప్పులో సున్నం రాలిందట. ఒంటికాలి మీద లేచాడు. ఈ నెలాఖరు తర్వాత మేడ మీద గెంతులు కుదరవన్నాడు. అదే సమయానికి కాలనీ సంఘం వాళ్ళు తమ హాల్లో ఆడవాళ్ళకి వ్యాయామం నేర్పే మనిషి కావాలని బోర్డు పెట్టారు. నెలాఖరు ఆదివారం అందరి ముందూ ఒక పాఠం చేసి చూపించాలి. అది నాకొస్తే క్లాసు బతుకుతుంది, రాకపోతే ఆ పూటతో సరి.

పేరు ఇవ్వడానికి వెళ్ళాను. కార్యదర్శి కళ్ళజోడు పైకెత్తి, "మీరేం నేర్పుతారమ్మా? నేర్పేది ఆ డిస్కు కదా. మీరు దాని పక్కన నిలబడతారు, అంతేగా!" అన్నాడు. కోపం రాలేదు అమ్మడూ, ఏడుపొచ్చింది. ఎందుకంటే అది నిజం.

అందుకని కనీసం డిస్కమ్మనైనా హాలు దద్దరిల్లేలా వినిపించాలి. స్పీకర్ల తీగ చివర సన్నటి పిన్ను ఒకటే ఉంది. టీవీ వెనకేమో ఎర్రవీ తెల్లవీ పసుపువీ గుండ్రటి కన్నాలు బోలెడున్నాయి. ఏది ఎందులో దూర్చాలో వివరంగా రాయి. అత్తయ్య అప్పుడే తొడుగులు కుట్టడానికి స్పీకర్లకి కొలతలు తీసేసింది. మన ఇంట్లో గౌను లేకుండా ఏ సామానూ ఉండకూడదు కదా.

అందరం క్షేమం.

నీ వదిన

—

కొండ మీద, పరికరాల గది
శనివారం

వదినా,

నీ ఉత్తరం సరుకుల బండిలో పప్పు మూటకీ గ్యాసు బండకీ మధ్య నలిగి వచ్చింది. చదివి ఒక్కదాన్నే పకపకా నవ్వితే వంటమనిషి తొంగిచూసి వెళ్ళాడు. ఇక్కడున్న ఒక్క ఫోనూ గాలీ వానా లెక్కలు చెప్పడానికే, నా కబుర్లకి ఇవ్వరు. అందుకని శ్రద్ధగా చదువు, మళ్ళీ బండి వచ్చేదాకా నువ్వు అడగలేవు, నేను చెప్పలేను.

డిస్క్ ప్లేయర్ నుంచి టీవీకి మూడు తీగలు వెళ్తాయి. పసుపుది బొమ్మకి, ఎర్రదీ తెల్లదీ శబ్దానికి. వాటి జోలికి పోకు. టీవీ వెనకే ఇంకో ఎర్ర కన్నం, తెల్ల కన్నం జంటగా ఉంటాయి, పక్కన 'అవుట్' అని ఉంటుంది. 'ఇన్' అంటే టీవీ వినేది, 'అవుట్' అంటే టీవీ చెప్పేది. మనకి కావాల్సింది చెప్పేది. ఎలక్ట్రానిక్స్ కొట్టుకి వెళ్ళి, ఒక చివర ఎర్ర పిన్నూ తెల్ల పిన్నూ, రెండో చివర స్పీకర్ పిన్ను పట్టే కన్నం ఉన్న తీగ అడుగు. స్పీకర్ల పిన్ను చేత్తో తీసుకెళ్ళి చూపిస్తే వాళ్ళే ఇస్తారు. ఎర్రదీ తెల్లదీ 'అవుట్'లో పెట్టు, స్పీకర్ల పిన్ను ఆ కన్నంలో పెట్టు. టీవీ సౌండు పూర్తిగా తగ్గించెయ్యి, లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది. పెద్ద డబ్బా నేల మీద పెట్టు. స్పీకరు గుండీ తగ్గించి ఉంచి అప్పుడు కరెంటు వెయ్యి, పెంచి ఉంచి వేశావంటే కింది ఇంటాయన టీలో ఈసారి పైకప్పే పడుతుంది.

ఇలా చేస్తే డిస్కూ వినపడుతుంది, అమ్మ సీరియలూ వినపడుతుంది. ఒక దెబ్బకి రెండు పిట్టలు.

కార్యదర్శి మాట మనసులో పెట్టుకోకు. అయినా నువ్వు 'అది నిజం' అని రాశావు చూడు, నాకు అదే నచ్చలేదు.

నీ ఆడపడుచు

—

ముందు గది, అందరూ వెళ్ళిపోయాక
గురువారం

అమ్మడూ! అమ్మడూ!

పనిచేసింది! అంటే, పనిచెయ్యలేదు. అంటే, ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా చెప్తాను.

తీగ దొరికింది. మీ అన్నయ్య 'నాకు తెలుసు, నువ్వు జరుగు' అని టీవీ వెనక దూరి 'ఇన్'లో పెట్టారు. ఏ శబ్దమూ లేదు. స్పీకర్లు పాడైపోయాయని తీర్పు చెప్పి వరండాలోకి వెళ్ళి పడుకున్నారు. నేను నీ ఉత్తరం చేత పట్టుకుని, 'చెప్పేది, చెప్పేది' అని గొణుక్కుంటూ 'అవుట్'లోకి మార్చాను. అంతే! చెవుల తుప్పు వదిలింది. పెద్ద డబ్బా దరువుకి అల్మారాలో గ్లాసులు గలగలలాడాయి. సోఫా మీంచి మీ అన్నయ్య దిగ్గున లేచారు. నేనూ అత్తయ్యా ఒకరి చేతులొకరం పట్టుకుని గిరగిరా తిరిగాం. నమ్ముతావా, మీ అమ్మ!

ఆ మర్నాటికి అత్తయ్య గౌన్లు కుట్టేసింది. పెద్ద డబ్బాకి నీలం, చిన్నవాటికి గులాబీ. దుమ్ము పడుతుందని స్పీకర్ పిన్నుకి కూడా కుచ్చుల తొడుగు కుట్టింది, బొమ్మకి లంగా కట్టినట్టు. ముచ్చటగా ఉంది. దాన్ని తొడిగి, పిన్ను మళ్ళీ కన్నంలో పెట్టి, నిన్న క్లాసు మొదలుపెట్టాను.

ఇక విను. పాట వస్తోంది. డప్పు, బాకా, అన్నీ వస్తున్నాయి. డిస్కమ్మ మాత్రం లేదు! టీవీలో చక్కగా నవ్వుతూ నోరు ఆడిస్తోంది, చెయ్యెత్తుతోంది, గొంతు మాత్రం ఎవరో కత్తిరించుకుపోయినట్టు మాయం. సౌండు పెంచాను, పాట పెరిగింది. డిస్కు తుడిచి పెట్టాను, అదే తంతు. డిస్కమ్మ మూగనోము పట్టిందంది బ్యాంకు ఆవిడ. అందరూ చేతులు గాల్లో ఉంచుకుని నావంక చూస్తున్నారు.

బేకరీ ఆవిడ, "ఆవిడ చెప్పకపోతే నువ్వు చెప్పు. రోజూ వింటున్నదే కదా!" అంది.

'కుడి కాలు' అన్నాను. నాకే వినపడలేదు. 'ఏంటీ?' అన్నారు వెనక వరసవాళ్ళు. ఇంకోసారి అన్నాను, పిల్లి మూలిగినట్టు వచ్చింది. ఎవరో నవ్వారు. అప్పుడు ఏమైందో నాకు తెలియదు, కడుపులోంచి లేచింది. "కుడి కాలూ! పైకీ! దించూ!" అని అరిచాను. అరిచింది ఎవరా అని నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను. వంటింట్లోంచి అత్తయ్య పరుగున వచ్చి, ఎవరైనా పడిపోయారా అని అడిగింది.

పాఠం పూర్తయ్యేదాకా నేనే చెప్పాను. తప్పులు చెప్పాను. కుడి అనబోయి ఎడమ అన్నాను. అందరూ నేను చెప్పినట్టే చేశారు అమ్మడూ, తప్పు కూడా!

కానీ ఆదివారం దగ్గరికొస్తోంది. అంతమంది ముందు, ఆ కార్యదర్శి ముందు, ఇలా అరవడం నావల్ల కాదు. ఆ గొంతు ఎందుకు పోయిందో, ఎలా తెప్పించాలో వెంటనే రాయి. ఆలస్యం చెయ్యకు, నీకు పుణ్యముంటుంది.

నీ వదిన

—

కొండ మీద, పరికరాల గది
శనివారం

వదినా,

ఉత్తరం నిలబడే చదివాను. 'కడుపులోంచి లేచింది' దగ్గర కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. మళ్ళీ మొదట్నుంచీ చదివాను.

గొంతు ఎందుకు పోయిందో నాకు తెలుసు. ఒక్క వాక్యంలో రాయొచ్చు. బాగుచెయ్యడానికి నీకు రెండు వేళ్ళు చాలు.

రాయను.

తిట్టుకో. పాఠం చేసి చూపించాక రాస్తాను. పరికరాలు బాగుచెయ్యడమే నా ఉద్యోగం. ఇక్కడ గాలి వేగం కొలిచే గిన్నెలు తిరగడం మానేస్తే అర్ధరాత్రయినా నిచ్చెనెక్కుతాను. కానీ బాగుచెయ్యకుండా వదిలెయ్యాల్సిన లోపం ఒకటి ఇన్నాళ్ళకి కనపడింది. మా ఇంట్లో నువ్వు కాలుపెట్టినప్పటినుంచీ చూస్తున్నాను, ఇంట్లో ఎవరు ఏమన్నా నువ్వు తలూపడమే గానీ ఒక్కసారి గొంతెత్తింది లేదు. ఇప్పుడెత్తావు. దాన్ని మళ్ళీ ఆ డిస్కమ్మ చేతికి అప్పగించమని నేనెలా చెప్పను?

నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ఊరు సంగతి తర్వాత, కాలనీతో మొదలుపెట్టు.

దేన్నీ ముట్టుకోకు. ముఖ్యంగా అన్నయ్యని ముట్టుకోనివ్వకు.

నీ ఆడపడుచు

—

లైబ్రరీ, నా బల్ల దగ్గర
బుధవారం

మరదలు గారికి,

అవును, గారు. కోపంగా ఉన్నాను కాబట్టి.

మీరు కొండెక్కి కూర్చుని నాకు నీతులు చెప్తున్నారు. ఇక్కడ నేను నిప్పుల మీద నడుస్తున్నాను. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం! ఓడిపోతే కింద ఇంటాయన ముందూ, హాల్లో కార్యదర్శి ముందూ తల దించుకునేది నేను, మీరు కాదు. బేకరీ ఆవిడకి నడుం ఇప్పుడిప్పుడే వంగుతోంది. బ్యాంకు ఆవిడ రోజు మొత్తంలో తనకోసం తాను చేసేది ఇదొక్కటేనంది. వీళ్ళందర్నీ ఇంటికి పంపేసే పని మీ ఒక్క వాక్యం వల్ల ఆగుతుందంటే, ఆ వాక్యం దాచుకునే హక్కు మీకెవరిచ్చారు?

అక్కడ ఇంట్లో అత్తయ్య సీరియల్ కూడా మూగబోయింది. స్పీకర్లు కట్టేసి టీవీ సౌండు పెట్టుకోండి అత్తయ్యా అంటే వినదు. నోళ్ళు కదులుతుంటే మాటలు తనే చెప్పేస్తోంది. నిన్న ఆ సీరియల్లో కోడలు అత్తగారి కాళ్ళ మీద పడి, "నాకు వంట రాదత్తయ్యా, మీరే చెయ్యండి" అంది. మీ అన్నయ్య సోఫా మీంచి పడి నవ్వారు. రోజూ వచ్చేవాళ్ళు ఆ సమయానికి ముందే వచ్చి కూర్చుంటున్నారు, అత్తయ్య డైలాగుల కోసం.

ఇది చదివి మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వమని రాయలేదు.

ఉంటాను.

ఇట్లు,
మీ వదిన గారు

—

కొండ మీద, సరుకుల బండి పక్కన నిలబడి
శనివారం

వదినా,

డ్రైవరు ఇంజను ఆపలేదు, నాకోసం కాసేపు ఆగుతానన్నాడు. నీ మాట నిజం. ఓడితే తల దించుకునేది నువ్వు. నీ తరఫున నిర్ణయించడం నా పని కాదు. క్షమించు.

కారణం ఇదీ. అమ్మ కుట్టిన కుచ్చుల తొడుగు అడ్డుపడి పిన్ను సగమే దిగింది. గొంతు రెండు స్పీకర్లకీ సమానంగా వెళ్తుంది. పిన్ను సగమే దిగితే అటు గొంతూ ఇటు గొంతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండువైపులా వేరువేరుగా ఉండే వాయిద్యాలు మాత్రం మిగులుతాయి. కుచ్చులు తీసెయ్, పిన్ను పూర్తిగా నొక్కు. డిస్కమ్మ మాట్లాడుతుంది.

రేపు నీ పాఠం మొదలయ్యేలోపు ఈ ఉత్తరం నీకు చేరాలని డ్రైవరుకి ఒట్టు పెట్టించాను. ఏం చేస్తావో నీ ఇష్టం. ఏం చేసినా నేను నీ పక్షమే. హారను కొడుతున్నాడు.

నీ ఆడపడుచు

—

ముందు గది, సోఫా మీద (సోఫా లోపలికొచ్చేసింది!)
ఆదివారం సాయంత్రం

బంగారు మరదలికి,

నీ ఉత్తరం నిన్న రాత్రే చేరింది. ఎలా అంటావా? నీ డ్రైవరు దారిలో ఎవరికీ సరుకులు దించకుండా తిన్నగా మనింటికొచ్చాడు. ఉల్లిపాయలు తర్వాతన్నాడు. వాడికి నా తరఫున దణ్ణం పెట్టు.

చదివి చాలాసేపు నవ్వాను. ఎందుకో చెప్పనా? నాకు పిన్ను సంగతి అప్పటికే తెలుసు. నీకు కోపంగా ఉత్తరం రాసి పోస్టు చేసిన మర్నాడే అత్తయ్య గౌన్లన్నీ ఉతికి ఆరేసింది. తొడుగు లేని పిన్ను లోపలికి టక్కున దిగింది. డిస్కమ్మ నోరు విప్పింది, 'శ్వాస లోపలికి తీసుకోండి' అని. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎంత తియ్యగా, ఎంత శుభ్రంగా చెప్తుందో! వింటూ కాసేపు నిలబడ్డాను. తర్వాత దండెం మీంచి తడి తొడుగు తెచ్చి తొడిగి, పిన్నుని మళ్ళీ సగానికి లాగాను. ఎందుకు లాగానో నన్నడక్కు. ఎవరికీ చెప్పలేదు, మీ అన్నయ్యకి కూడా. అందుకని నీ క్షమాపణ నాకక్కర్లేదు.

ఇక ఇవాళ్టి సంగతి. హాలు నిండింది. మావాళ్ళు ముందు రెండు వరసలు. కార్యదర్శి కుర్చీలో, చేతిలో కాగితం. హాల్లో పెద్ద టీవీ ఉన్నా స్పీకర్లు మనవే. గౌన్లతో సహా మోసుకెళ్ళాం, పిన్ను నేనే సగం దూర్చాను. పాట మొదలైంది. వాయిద్యాలు మాత్రమే. "కుడి కాలూ!" అన్నాను. హాలు వెనక గోడ నా మాట తిప్పి నాకే ఇచ్చింది. అయినా ఆగలేదు.

అంతా సాఫీగా పోతోంది. అంతలో హాలు కరెంటు పనివాడు పాపం మంచి మనసుతో, "మేడమ్, మీ స్పీకర్లో మాట రావట్లేదు, ఏదో లూజుగా ఉంది" అని వంగి, ఆ కుచ్చుల తొడుగు పీకేసి, పిన్ను నొక్కేశాడు.

హాలు మొత్తం డిస్కమ్మ గొంతు! 'ఎడమ కాలు ముందుకు, మోకాలు పూర్తిగా వంచండి' అంటోంది, నా గొంతుకి రెట్టింపు. నేనప్పుడు కుడి కాలు అంటున్నాను. ఈమధ్య వరస మార్చేశాను అమ్మడూ. బేకరీ ఆవిడకి ఎడమ మోకాలు పట్టేస్తుంది, అందుకని ముందు కుడి, అదీ సగం వంపే. వెనక వరసలో కొత్తవాళ్ళున్నారు, వాళ్ళు నన్నూ టీవీనీ మార్చి మార్చి చూస్తున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు హాలంతా ఆవిడ వెంట వెళ్తుంది, నేను పక్కన నిలబడతాను, కార్యదర్శి అన్నట్టే.

మావాళ్ళు కుడి కాలే ఎత్తారు. రెండు వరసలూ, ఒక్కరు తప్పకుండా. బేకరీ ఆవిడ చెమటతో నావంక చూస్తూ, "చెప్పవే, ఆగావేం!" అంది.

చెప్పాను. డిస్కమ్మ గొంతు మీదుగా చెప్పాను. పైకీ, సగం వంచూ, దించూ. రెండో విడతకి వెనక వరసలు కూడా మావైపు వచ్చేశాయి. డిస్కమ్మ ఒక్కతే తెర మీద ఎడమ కాలు ముందుకేసుకుంటోంది. కరెంటు పనివాడు భయపడి పిన్ను లాగబోతే, ఉండనీ అని చెయ్యి ఊపాను. ఆవిడ దారిన ఆవిడ చెప్పుకుంటుంది.

ఆఖర్న అందరూ చాపల మీద కూలబడ్డాక కార్యదర్శి లేచి దగ్గరికొచ్చాడు. "డిస్కు ఎడమ అంటే మీరు కుడి అన్నారు. పొరపాటా?" అని అడిగాడు.

"ఆవిడకి మా బేకరీ ఆవిడ మోకాలు తెలియదండీ. నాకు తెలుసు," అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా తర్వాత, పేర్లిచ్చిన ఇంకో ఇద్దరినీ పిలిచి వాళ్ళ పాఠాలు కూడా చూశారు, వాళ్ళూ బాగానే చేశారు. గంట తర్వాత సంఘం వాళ్ళు లోపల మాట్లాడుకుని వచ్చి నా పేరు చదివారు. అత్తయ్య నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, మా ఇద్దర్నీ చూసి మీ అన్నయ్యకి తుమ్ములొచ్చాయి, అది తుమ్ము కాదని అందరికీ తెలుసు.

రేపట్నుంచే క్లాసు. కార్యదర్శి భార్య కూడా చేరుతోంది. తాళాలు చేతిలో పెడుతూ ఆయన, "హాలు పెద్దది మేడమ్, సంఘం తరఫున మీకు మైకు ఏర్పాటు చేస్తాం" అన్నాడు.

వద్దన్నాను.

నీ వదిన